ఆరేళ్ల ఉద్యోగం తర్వాత ఫైనాన్స్‌లో పీజీ: ఎలా సిద్ధం కావాలి?

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ వైపు ఏ పెద్ద బ్యాంకు ఆఫీసు బయటైనా సాయంత్రం టీ బండి దగ్గర నిలబడండి. "ఎంబీఏ చేసేస్తే పోతుందిరా" అన్న మాట వినిపించి తీరుతుంది. అనేవాళ్లు ఎక్కువగా బీకాం చదివి, రీకన్సిలియేషన్ (రెండు చోట్ల ఖాతాలు సరిపోలుతున్నాయో చూడటం), ఫండ్ అకౌంటింగ్ (ఫండ్ల లెక్కలు రాయడం) లాంటి పనుల్లో ఐదారేళ్లు గడిపినవాళ్లే. జీతం ఏటా కొంచెం పెరుగుతుంది, పని మాత్రం అదే. నేనూ ఆ టీ బండి దగ్గర ఆ మాట చాలాసార్లు అన్నవాణ్ణే. అయితే చదువు వైపు అడుగు వేసే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటి వరుస తప్పితే డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది.

1. ఎక్కడ ఆగిపోయారో తేల్చుకోండి

కోర్సుల బ్రోచర్లు తర్వాత చూడొచ్చు. ముందు మీరు చేయాలనుకునే ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై తీసి, ఏం అడుగుతున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. డిగ్రీ ఏది, సర్టిఫికెట్ ఏది, ఏ సాఫ్ట్‌వేర్ రావాలి, ఎన్నేళ్ల అనుభవం కావాలి. ఒక ఆదివారం చాలు.

ఈ లెక్కలో చాలామందికి ఎంబీఏ అవసరమే లేదని తేలిపోతుంది. ఈక్విటీ రీసెర్చ్ (కంపెనీల షేర్లను విశ్లేషించే పని) వైపు వెళ్లాలంటే సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) మాట ఎక్కువ కనిపిస్తుంది. మూడు లెవెల్స్, ఉద్యోగం మానకుండా రాసుకోవచ్చు, చార్టర్ చేతికి రావాలంటే 4,000 గంటల సంబంధిత పని అనుభవం చూపాలి. ఆడిట్, ట్యాక్స్ వైపైతే సీఏకి సాటి లేదు. ప్రభుత్వ బ్యాంకులో ఉన్నవాళ్లకు బ్యాంకు ఉద్యోగుల కోసం ఐఐబీఎఫ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్) నిర్వహించే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు ముందు పూర్తి చేయడమే తెలివైన పని. రిస్క్ మోడలింగ్‌లో స్టాటిస్టిక్స్, పైథాన్, ఎస్‌క్యూఎల్ అడుగుతారు.

కార్పొరేట్ ఫైనాన్స్, ట్రెజరీ, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో డీల్స్ (కంపెనీల కొనుగోళ్లు, అమ్మకాల లాంటివి) చూసే టీములు వేరు. అక్కడికి బయటి నుంచి రెజ్యూమె పంపితే తెరిచి చూసేవాళ్లు తక్కువ. వాళ్లే కొన్ని క్యాంపస్‌లకు వచ్చి మనుషుల్ని తీసుకెళ్తారు. అంటే అక్కడ మీరు ఫీజు కట్టేది పాఠాల కోసం ఎంతో, ఆ క్యాంపస్‌కి వచ్చే కంపెనీల కోసం అంతకంటే ఎక్కువ. పాఠాలైతే యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి.

2. మీ అనుభవానికి సరిపోయే కోర్సు చూడండి

రెండేళ్ల మామూలు ఎంబీఏలో పక్క సీటు కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఏడాది ఫుల్‌టైమ్ కోర్సులు నప్పుతాయి. ఐఐఎం అహ్మదాబాద్‌లో పీజీపీఎక్స్, బెంగళూరులో ఈపీజీపీ, కలకత్తాలో ఎంబీఏఈఎక్స్ (పాత పేరు పీజీపీఈఎక్స్) ఇలాంటివే. మన గచ్చిబౌలి ఐఎస్‌బీలోని పీజీపీ కూడా ఏడాదిదే. వీటికి జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు పనికొస్తుంది. ఇప్పుడున్న జీమ్యాట్ 2 గంటల 15 నిమిషాల పరీక్ష, మొత్తం 205 నుంచి 805 మధ్య స్కోరు ఇస్తారు, అది ఐదేళ్లు చెల్లుతుంది. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ స్కోరైతే ఆ ఒక్క ఏడాది అడ్మిషన్లకే. పనిచేసుకుంటూ చదివేవాళ్లకు జీమ్యాట్ కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది.

ఉద్యోగం వదల్లేని పరిస్థితి ఉంటే వారాంతపు క్లాసులున్నవి, లేదంటే ఇగ్నోలాంటి దూరవిద్య ఎంబీఏ. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. ప్రమోషన్‌కి పీజీ ఉండాలన్న నిబంధన ఉన్నచోట ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే ఆ డిగ్రీ పట్టుకుని డీల్స్ టీములోకి దూకేయొచ్చని అనుకోవద్దు.

అమెరికా ఎంఎస్ ఫైనాన్స్ ఆలోచన ఉంటే ఒక మాట. మన బీకాం మూడేళ్లది, కొన్ని యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి, ముందే మెయిల్ చేసి కనుక్కోండి. ఆ ప్రోగ్రాం స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కింద ఉందో లేదో కూడా చూడండి. ఉంటే చదువయ్యాక అక్కడ పనిచేసేందుకిచ్చే 12 నెలల అనుమతి, ఓపీటీ మీద మరో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు, లేకపోతే ఆ పన్నెండు నెలలే.

3. అసలు ఖర్చు లెక్క వేయండి

అందరూ ఫీజు చూస్తారు, వదులుకునే జీతం చూడరు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇప్పుడు మీ చేతికి నెలకు 58 వేలు వస్తోంది. ఏడాది కోర్సుకు ఫీజూ హాస్టలూ కలిపి 30 లక్షలు, మొత్తం అప్పే. పోయే జీతం 7 లక్షలు. అంటే ఆ కోర్సు ఖరీదు 37 లక్షలు.

9.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే 30 లక్షలకు ఈఎంఐ దాదాపు 39 వేలు. చాలా ఎడ్యుకేషన్ లోన్లలో కోర్సు కాలం, ఆ తర్వాత మరో ఏడాది ఈఎంఐ కట్టక్కర్లేదు. విని సంతోషపడతాం, కానీ వడ్డీ ఆగదు. రెండేళ్లలో సుమారు 5.7 లక్షలు పెరిగి అసలులో కలిస్తే ఈఎంఐ 46 వేలకు చేరుతుంది. అంటే చదువు అయ్యాక నెలకు చేతికి కనీసం 1.04 లక్షలు (ఇప్పటి 58 వేలు, ఈఎంఐ 46 వేలు) వస్తే తప్ప ఇప్పటిలాగైనా బతకలేరు. ఈ 1.04 లక్షల అంకెను గుర్తుపెట్టుకోండి, తర్వాతి పనికి కావాలి.

ట్యాక్స్‌లో ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది, కానీ పాత పన్ను విధానం ఎంచుకుంటేనే. అసలుకు వర్తించదు. బాబాయి దగ్గరో మామయ్య దగ్గరో తెచ్చిన అప్పుకూ వర్తించదు.

4. ప్లేస్‌మెంట్ రిపోర్టును అనుమానంగా చదవండి

'అత్యధిక ప్యాకేజీ' అంకెను పక్కన పెట్టేయండి. సగటును కూడా పెద్దగా నమ్మొద్దు, ఇద్దరు ముగ్గురికి భారీ జీతాలొస్తే అది పైకి పోతుంది. మీడియన్ చూడండి, అంటే బ్యాచ్‌ను జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యవాడికి వచ్చింది. దాన్ని నెలకు లెక్కేసి, పన్నూ కోతలూ తీసేస్తే మీ 1.04 లక్షలను దాటుతోందా? ఆ ప్యాకేజీలో ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ ఎంత? ఫైనాన్స్ ఉద్యోగాల్లోకి ఎంతమంది వెళ్లారు?

తర్వాత లింక్డ్ఇన్‌లో మీలాంటి అనుభవంతో ఆ కోర్సు చేసినవాళ్లు నలుగురికి మెసేజ్ పెట్టండి. "కాలేజీ ఎలా ఉంటుంది?" అంటే "బాగుంటుంది" అంటారు, అంతే. "ఆపరేషన్స్ నుంచి వచ్చినవాళ్లలో ఫ్రంట్ ఆఫీస్‌కి ఎవరైనా వెళ్లారా?" అని అడగండి. ఫ్రంట్ ఆఫీస్ అంటే క్లయింట్లతో, డీల్స్‌తో నేరుగా పనిచేసే టీములు.

5. కాగితాలు ఇప్పుడే తీయండి

దీన్ని చివరికి వదిలేయడం నేను చేసిన తప్పు. మా కాలేజీ ఇచ్చిన ఒక మెమోలో మా నాన్న పేరు తప్పు పడింది. డిగ్రీ అయిన ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు. దిద్దించుకోవడానికి రెండున్నర నెలలు పట్టింది, ఈలోపు మొదటి రౌండు దరఖాస్తుల గడువు దాటిపోయింది. ఒరిజినల్ డిగ్రీ, కన్సాలిడేటెడ్ మెమో, పాత కంపెనీల రిలీవింగ్ లెటర్లు, జీతం స్లిప్పులు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో సరిచూసుకోండి.

6. "ఇప్పుడెందుకు?" అన్న ప్రశ్నకు జవాబు

దరఖాస్తుతో రాయాల్సిన వ్యాసంలోనూ ఇంటర్వ్యూలోనూ తిప్పితిప్పి అడిగేది ఇదే. 'నాయకత్వ లక్షణాలు పెంచుకోవడానికి' అన్న జవాబు వాళ్లు రోజుకు పాతికసార్లు వింటారు. మీ పనిలోంచి చెప్పండి: "నెలాఖరు క్లోజింగ్ ఐదు రోజుల నుంచి మూడు రోజులకు తెచ్చాను. ఆ అంకెలు ఎక్కడికి వెళ్తాయో, వాటితో ఎవరు ఏం నిర్ణయిస్తారో నాకు కనిపించదు. ఆ వైపుకు వెళ్లాలి." ఇలా చెబితే తర్వాతి ప్రశ్న మీకు తెలిసిన విషయం మీదే వస్తుంది.

7. రాజీనామాకు ముందు

నోటీసు 90 రోజులైతే కోర్సు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. అడ్మిషన్ లెటరూ లోన్ శాంక్షన్ లెటరూ రెండూ చేతికి రాకుండా మేనేజర్‌తో మాట్లాడొద్దు. కంపెనీ మీ చదువుకో సర్టిఫికెట్‌కో డబ్బు కట్టి ఉంటే తిరిగి వసూలు చేసే నిబంధన ఉందేమో ఆఫర్ లెటర్ తీసి చదవండి. పీఎఫ్ తీసేయకండి, ఉంచితే వడ్డీ పడుతూనే ఉంటుంది.

ఇంకొకటి, ఎవరికీ గుర్తుండనిది. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ మీ చివరి పనిదినంతో పోతుంది. అమ్మానాన్నలు ఆ పాలసీలోనే ఉంటే, వాళ్లకు బీపీ, షుగర్ ఉంటే, కొత్త పాలసీలో వాటికి వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు. అందుకే రాజీనామాకు ఏడాది రెండేళ్ల ముందే వాళ్ల పేరు మీద విడిగా పాలసీ తీసి పెట్టుకోండి.