ప్రైస్ అనాలా, కాస్ట్ అనాలా?

తిరుపతి హోటళ్లలో రిసెప్షన్ పని చూసుకునే యువతకు సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతాను. వాళ్లకు మాటలకు కరవు లేదు, ఏది ఎక్కడ వాడాలన్నదే చిక్కు. పక్కన తెలుగు అర్థం రాసుకుంటే ఆ చిక్కు తీరదు. ఫేర్, ఫీజు, టోల్, ప్రైస్, కాస్ట్ అన్నిటికీ ధర అనో ఖర్చు అనో రాసుకుంటారు.

అర్థాన్ని వదిలి, డబ్బు దేనికి ఇస్తున్నామో చూడండి. తిరుమల బస్సుకు ఇచ్చేది ఫేర్. సొంత కారైతే అలిపిరి దగ్గర కట్టేది టోల్. డాక్టరుకు ఫీజు. ప్రైస్, కాస్ట్ మాత్రం నిదానంగా చూడాలి. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి రైతు ఎరువులకు, మందులకు, కోత కూలీలకు పెట్టేదంతా కాస్ట్. గుజ్జు ఫ్యాక్టరీ కిలోకు ఇచ్చేది ప్రైస్. (అదే సొమ్ము ఫ్యాక్టరీ లెక్కల్లో మళ్లీ కాస్టే.) 'ప్రైస్ కాస్ట్‌కన్నా తగ్గింది' అన్న వాక్యంలో ఆ రెండు మాటలనూ తారుమారు చేయండి: నష్టపోయిన రైతుకు లాభం వచ్చినట్టవుతుంది! అనుమానం వచ్చిన ప్రతిచోటా ఇలా మార్చి చూడమంటాను. ఇంతకన్నా నమ్మదగిన పరీక్ష నాకు కనిపించలేదు.

ఇక మాటలో దాగిన మర్యాద. అద్దె తక్కువ గది అడిగిన యాత్రికుడితో 'చీప్ రూమ్' అంటే, చవక అనే కాదు, చవకబారు అని కూడా వినిపిస్తుంది. 'రీజనబుల్' అనండి. సన్నగా ఉన్నవారిని స్లిమ్ అంటే మెచ్చుకోలు, స్కిన్నీ అంటే చాలాసార్లు ఎత్తిపొడుపు.

కొన్నిటికి కారణం వెతకొద్దు, జతగా నేర్చుకోవడమే. నవంబరులో మనకు కురిసేది హెవీ రెయిన్, వీచేది స్ట్రాంగ్ విండ్. కాఫీ స్ట్రాంగే, హెవీ కాదు.

బిగిన్, కామెన్స్ సంగతి వేరు. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచి ఏలాక, పాలకుల ఫ్రెంచి మాటలు వెల్లువగా వచ్చాయి. కామెన్స్ ఫ్రెంచి నుంచి వచ్చిందే, అందుకే అది ఇప్పటికీ ఆఫీసు కాగితాల మాట. మనకు 'మొదలుపెట్టు', 'ప్రారంభించు' ఉన్నట్టే. కారు ఇంజను మాత్రం స్టార్ట్ అవుతుంది, బిగిన్ కాదు.

పర్యాయపదాల నిఘంటువు మాటలను ఒకచోట చేరుస్తుందే గాని తేడా చెప్పదు. అక్కడ దొరికిన మాటను విద్యార్థుల నిఘంటువులో వెతికి, ముందు ఉదాహరణ వాక్యాలు చదవండి. మీ వాక్యం వాటి పక్కన ఇమడకపోతే మీకు బాగా తెలిసిన మామూలు మాటే వాడండి.