రాత్రి బెజవాడలో ఇల్లు చేరడం: కొత్తగా వచ్చినవారికి

బెజవాడ తొందరగా పడుకునే ఊరు కాదు. స్టేషనుకు తెల్లవార్లూ రైళ్లొస్తాయి, బస్టాండు మేలుకునే ఉంటుంది. అందుకని బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు తలుచుకుని మరీ బెంబేలు పడక్కర్లేదు. చిక్కు ఎక్కువగా ఆటో దిగిన చోటి నుంచి ఇంటి గేటు దాకా ఉండే చివరి అర కిలోమీటరులో వస్తుంది. ఊళ్లోకి వచ్చిన మొదటి వారంలోనే ఆ అర కిలోమీటరు మీకు కంఠతా రావాలి.

ఒకరోజు సాయంత్రం 7 గంటలకు, జనం ఉన్నప్పుడే, సెంటరు నుంచి ఇంటిదాకా నడవండి. ఏ స్తంభానికి లైటు వెలగట్లేదు, ఏ మలుపులో కుక్కలుంటాయి, మూత లేని డ్రైనేజీ ఎక్కడుంది, ఏ మెడికల్ షాపు, ఏ టిఫిన్ బండి ఎన్నింటిదాకా ఉంటాయి, అన్నీ చూసుకోండి. వెలగని లైటు ఉంటే స్తంభం మీది నంబరు రాసుకుని వార్డు సచివాలయంలో చెప్పండి. "మా సందులో లైట్లు లేవండీ" అంటే సరిపోదు, నంబరు చెబితేనే పనివాళ్లు నేరుగా ఆ స్తంభం దగ్గరికి వస్తారు.

కాలవ గట్ల సంగతి గట్టిగా చెప్పాలి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊరి మధ్యనుంచే పోతాయి. ఫోన్లో మ్యాపు దగ్గరిదారి వెతికి గట్టు మీదికి పంపిస్తుంది. పగలు హాయిగా ఉండే దారే అది. రాత్రి మాత్రం ఒక పక్క నీళ్లు, రెండో పక్క మూసిన గోడలు, పక్కకు తప్పుకోవడానికి సందు కూడా దొరకదు. పది నిమిషాలు ఎక్కువైనా షాపులున్న రోడ్డు మీదుగానే రండి. ఆటో డ్రైవరుకూ ఎక్కేటప్పుడే చెప్పండి: "అన్నా, మెయిన్ రోడ్డు మీదుగానే పోనివ్వండి." సగం దారిలో చెబితే వాదన అవుతుంది.

రైలు దిగేవాళ్లు ఏ వైపు బయటికి రావాలో ముందే తేల్చుకోండి. గాంధీనగర్, గవర్నరుపేట, బెంజి సర్కిల్ వైపు వెళ్లేవాళ్లు 1వ ప్లాట్‌ఫాం వైపు రావాలి. వన్‌టౌన్, భవానీపురం వాళ్లకు తారాపేట వైపు దగ్గర. పొరపాటున రెండోవైపు దిగితే చుట్టు తిరుగుడు, కొత్తవాళ్లని తెలిసి రేటూ పెంచుతారు. రైలు 2 గంటలకో 3 గంటలకో దిగితే, తీసుకెళ్లడానికి మనిషి లేకపోతే, వెయిటింగ్ హాల్లో తెల్లారేదాకా కూర్చోవడమే మంచిది. రైల్లో గానీ స్టేషన్లో గానీ ఇబ్బందైతే 139 కి ఫోన్ చేయండి.

ట్రావెల్స్ బస్సుల్లో వచ్చేవాళ్లకు ఇంకో చిక్కుంది. "బెంజి సర్కిల్‌లో దిగుతా" అని టికెట్ తీసుకుంటారు, బస్సు ఫ్లైఓవర్ ఎక్కేస్తుంది, నిద్ర లేచేసరికి రామవరప్పాడు రింగో, కృష్ణ మీది వారధో వచ్చేస్తుంది. ఊళ్లోకి రాకముందే క్లీనర్‌కు చెప్పి కింది రోడ్డు మీద ఆపమనండి. గుంటూరు బస్సు కోసం రాత్రిపూట వారధి దగ్గర ఒంటరిగా నిలబడకండి, పండిట్ నెహ్రూ బస్టాండుకు వెళ్లి ఎక్కండి.

ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. రాత్రి పొద్దుపోయాక సిటీ బస్సులు పలచబడతాయి కాబట్టి దాన్నే నమ్ముకుని ఆఫీసులో ఆలస్యం చేయకండి.

సర్వీసు ఆటో (మనిషికింత అని ఇచ్చి నలుగురితో కలిసి వెళ్లేది) ఎక్కేముందు "మనిషికెంత, ఇది సర్వీసేనా?" అని అడగండి. అడగకుండా కూర్చుంటే దిగేటప్పుడు ఆటో మొత్తం కిరాయి అడుగుతారు, చీకట్లో బేరం మొదలవుతుంది. సర్వీసు ఆటోలో తోటి ప్రయాణికులే మీకు ధైర్యం. అందరూ దిగిపోయి మీరొక్కరే మిగిలేలా ఉంటే, వెలుతురున్న సెంటర్లో వాళ్లతోపాటే దిగి వేరే బండి చూసుకోండి.

యాప్‌లో పిలిచిన బండికి నంబరు మొత్తం సరిచూడండి. 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి జిల్లాకో నంబరు కాకుండా రాష్ట్రమంతటికీ ఒకే సిరీసు ఇస్తున్నారు కాబట్టి ముందు భాగం చూసి లాభం లేదు, అక్షరాలూ చివరి 4 అంకెలూ కలవాలి. కలిశాకే ఓటీపీ చెప్పండి. "క్యాన్సిల్ చేయండి, డబ్బులు చేతికివ్వండి, తగ్గిస్తా" అంటే ఎంత తగ్గించినా ఒప్పుకోవద్దు. క్యాన్సిల్ నొక్కగానే మీరు ఏ బండిలో ఎటు పోతున్నారన్న రికార్డు ఆగిపోతుంది, ఇంట్లోవాళ్లకు పంపిన లింకూ పనిచేయదు.

వాట్సాప్ లైవ్ లొకేషన్‌కు 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు గడువులుంటాయి. 8 గంటలే పెట్టి, ఇల్లు చేరాక మీరే ఆపేయండి. గంట పెడితే ట్రాఫిక్‌లో ఉండగానే అయిపోతుంది. చూసే మనిషి మేలుకుని ఉండాలి కూడా. నిద్రపోయే అమ్మకు పంపడం కన్నా పక్క గదిలో ఉండే స్నేహితురాలికి పంపడం నయం.

ఎవరో వెంట వస్తున్నారనిపిస్తే ఇంటికి పోవద్దు, ఇల్లు తెలిసిపోతుంది. ముందే చూసి పెట్టుకున్న మెడికల్ షాపులోకి వెళ్లి, "అన్నయ్యా, ఆ బండి నా వెంటే వస్తోంది" అని పైకే చెప్పి 112 కి ఫోన్ చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181. రాష్ట్ర పోలీసుల శక్తి యాప్ ఫోన్లో ముందే వేసి పెట్టుకోండి, అవసరం వచ్చినప్పుడు డౌన్‌లోడ్ చేసే తీరిక ఉండదు. "ఇది మా స్టేషను పరిధి కాదు" అని ఫిర్యాదు తిప్పి పంపడానికి వీల్లేదు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా నమోదు చేసే కేసు) రాయాలి, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనే ఆ మాట ఉంది.

కుక్కలు మొరిగితే పరుగెత్తకండి, బండి వేగం పెంచకండి. పరుగే వాటిని వెంట రప్పిస్తుంది. ఆగి, మెల్లగా పక్కకు జరగండి. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్ వేయించుకోండి. వానాకాలంలో నీళ్లు నిలిచిన సందులో నడవకండి, కింద మ్యాన్‌హోల్ ఉందో లేదో కనపడదు. తెగిన వైరు కనిపిస్తే దూరంగా ఉండి 1912 కి చెప్పండి.

హాస్టల్లో ఉండేవాళ్లు ఆలస్యమయ్యే రోజు సాయంత్రమే వార్డెన్‌కు ఫోన్ చేయండి. అపార్టుమెంటయితే వాచ్‌మన్ నంబరు దగ్గరుంచుకుని, వీధి మలుపులో ఉండగానే మోగించండి. తాళంచెవి ఆటోలోనే తీసి చేతిలో పెట్టుకోండి. గేటు తీసేదాకా ఆటోను ఉండమనండి, అడిగితే చాలామంది ఉంటారు.