పరగడుపు షుగర్ ఎందుకు ఎక్కువొస్తోంది? రాత్రి మూడింటి పరీక్ష ఇలా చేయాలి

రాత్రి రెండు పుల్కాలే తిన్నారు. స్వీటు ముట్టలేదు. అయినా పొద్దున్నే చూస్తే 190. ఆ తర్వాత ఏం చేస్తారో చాలా ఇళ్లలో చూశాను. మర్నాడు రాత్రి ఆ పుల్కాలు కూడా మానేస్తారు, లేదంటే ఉన్న మాత్రకి ఇంకో అర కలిపి వేసుకుంటారు. రెండూ తప్పే. పొద్దున వచ్చే అంకె రాత్రంతా నిద్రలో ఒంట్లో జరిగినదాని ఫలితం. రాత్రి ఏం జరిగిందో చూడకుండా తిండి కోయడం, మందు పెంచడం కళ్లకి గంతలు కట్టుకుని బండి నడపడమే. పన్నెండేళ్లుగా మొదట మా నాన్నకి, తర్వాత మా మేనత్తకి, ఆ పైన మా అపార్ట్‌మెంట్‌లో అడిగిన ప్రతివాళ్లకీ ఈ పరీక్ష చేస్తూ వచ్చాను.

కావలసినవి తక్కువే. షుగర్ మిషన్, గడువు దాటని స్ట్రిప్పులు, కొత్త సూది, దూది, చిన్న బెడ్‌లైటు, గ్లూకోజ్ పొడి, రూళ్ల నోటుపుస్తకం. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, స్టవ్ పక్కన అసలే పెట్టకూడదు. రాసుకోవడానికి పుస్తకమే వాడాలి, ఫోన్ వద్దు. అర్ధరాత్రి ఫోన్ తెరిస్తే ఆ వెలుగుకి ఉన్న నిద్ర కాస్తా పోతుంది.

రెండు వారాల్లో మూడు రాత్రులు చాలు, అవీ వరుసగా కాదు. పెళ్లి భోజనం చేసిన రాత్రి, ప్రయాణం చేసిన రాత్రి, జ్వరం ఉన్న రాత్రి వద్దు. రోజూ తినేదే తినాలి, రోజూ వేసుకునే మందే వేసుకోవాలి. తిన్న రెండు గంటల తర్వాత, పడుకోబోయే ముందు ఒకసారి చూడాలి. మూడింటికి ఒకసారి. లేవగానే, కాఫీ చుక్క గొంతు దిగకముందే ఇంకోసారి. పక్కన ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేచారు, గురక ఉందా అన్నవీ రాయాలి. ఈ చివరి మూడూ ఎవరూ రాయరు. డాక్టరుకి అంకెలతో పాటు అవీ కావాలి.

ఇక మూడింటి సంగతి. పదిమందిలో తొమ్మిదిమంది పాడుచేసేది దీన్నే.

మొదటి పొరపాటు, మూడింటి దాకా మేలుకుని కూర్చోవడం. మా పై ఫ్లాటాయన టీవీ చూస్తూ మూడింటి దాకా ఉండి చూసుకుని, నాకు చూపించారు. అది నిద్రపోయిన ఒంటి అంకె కాదు. నిద్ర తగ్గితే ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. 1999లో షికాగో యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రవాళ్లని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. షుగర్ జబ్బు లేని ఆ వయసు వాళ్లకే గ్లూకోజ్‌ని సర్దుకునే శక్తి బాగా తగ్గింది. అరవై దాటిన మధుమేహులకి వేరే చెప్పాలా? కాబట్టి పదింటికే పడుకోవాలి, నిద్రపోవాలి, మూడింటికి లేపించుకోవాలి. రోజూ ఈ పరీక్ష వద్దనేది కూడా ఇందుకే. రోజూ నిద్ర చెడగొట్టి షుగర్ కొలిస్తే మనం పెంచినదాన్నే మనం కొలుస్తాం.

రెండోది, లేపేవాళ్లు వేరే మనిషి అయ్యుండాలి. లేపేది మీరైతే అలారం మీ దిండు కింద పెట్టుకోండి. పెద్దలైటు వేయకండి. లేపేముందు ఒక నిమిషం ఊరికే నిలబడి చూడండి. మెడ దగ్గర చెమట ఉందా? గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగి, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు అందుకుంటున్నారా? ఆ నిమిషంలో కనబడేది ఏ ల్యాబ్ రిపోర్టులోనూ ఉండదు.

మూడోది చేతులు. పడుకునే ముందు మామిడిపండో అరటిపండో ముట్టుకున్న వేలికి ఆ తీపి అంటుకునే ఉంటుంది. మిషన్ దాన్నీ లెక్కేస్తుంది. శానిటైజర్‌తో అది పోదు. సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. తడి మిగిలితే రక్తం పలచబడి అంకె తగ్గుతుంది. ఎడమచేతి ఉంగరంవేలు, కొనకి పక్కగా గుచ్చాలి. మొదటి చుక్క దూదితో తీసేసి రెండో చుక్క పెట్టాలి. రక్తం రాలేదని వేలిని పిండకూడదు. చెయ్యి కిందికి వేలాడేస్తే అదే వస్తుంది.

అంకె 70కి తక్కువ వస్తే పుస్తకం పక్కన పడేయండి. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకి పంచదార త్వరగా పనిచేయదు, అందుకే గ్లూకోజ్ పొడే దగ్గర పెట్టుకోమన్నాను. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఎక్కువ వచ్చిందని ఆ వేళప్పుడు సొంతంగా ఇన్సులిన్ పొడవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

చేతికి అంటించే, షుగర్ చూపించే సెన్సర్ ఉండగా ఈ పాట్లెందుకని అడుగుతారు. ఉంటే మంచిదే. కానీ ఆ చేతి మీదే ఒత్తిగిల్లి పడుకుంటే షుగర్ తగ్గకపోయినా తగ్గినట్టు సెన్సర్ చూపిస్తుంది. వేలి చుక్కకి ఆ బెడద లేదు.

ఇప్పుడు అంకెలు చదవడం. మిషన్‌లో 15 శాతం దాకా అటూఇటూ ఉంటుంది కాబట్టి 150కీ 162కీ తేడా వెతక్కండి.

పడుకునేముందు 240, మూడింటికి 230, పొద్దున 220 అయితే రాత్రి భోజనమో, మందు చాలకపోవడమో చూడాలి. 180 దాటితే చక్కెర మూత్రంలోకి దిగడం మొదలవుతుంది, అందుకే వాళ్లు నాలుగుసార్లు లేస్తారు, నిద్ర ఇంకా చెడుతుంది.

140, 145, ఆపైన పొద్దున 195 అయితే తెల్లవారుజామునే పెరుగుతోందని అర్థం. ఆ వేళకి కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి, కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. షుగర్ లేనివాళ్లలో ఇన్సులిన్ ఇంకాస్త వచ్చి దాన్ని సర్దేస్తుంది. ఇక్కడ రాత్రి పుల్కాలు మానితే ఒరిగేదేం లేదు.

ఇక మూడింటికి 70 లోపు పడిపోవడం. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లలో ఇది జరగొచ్చు. రాత్రి పడితే పొద్దున దానంతటదే ఎగబాకుతుందని 1930లలో మైకేల్ సొమోగీ అనే శాస్త్రవేత్త అన్న మాట ఇప్పటికీ చెబుతుంటారు. తర్వాత రాత్రంతా కొలిచి చూస్తే అది అరుదని తేలింది.

మరి మా నాన్నకి పొద్దున 210 ఎందుకొచ్చేది? అప్పటి డాక్టరు ఆ ఒక్క అంకె చూసి రాత్రి ఇన్సులిన్ రెండుసార్లు పెంచారు. మూడింటి అంకె ఎవరూ అడగలేదు. ఒకరాత్రి నేను లేపబోతే బనియన్ వీపుకి అతుక్కుని ఉంది, చెయ్యి చల్లగా ఉంది. మిషన్‌లో 52. గ్లూకోజ్ తాగించి దుప్పటి మారుస్తుంటే దిండు కింద బిస్కెట్ ప్యాకెట్లు దొరికాయి. వణుకొచ్చి మెలకువైన ప్రతిసారీ చీకట్లో నాలుగైదు తిని, మమ్మల్ని లేపడం ఎందుకని మళ్లీ పడుకునేవారు. పొద్దున 210 ఆ బిస్కెట్లది. దానికి మేము ఇన్సులిన్ పెంచుతూ పోయాం.

గురక మధ్యలో ఊపిరి ఆగడం కనబడితే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. ఆగిన ప్రతిసారీ ఆక్సిజన్ తగ్గుతుంది, ఒళ్లు కంగారుపడి స్ట్రెస్ హార్మోన్లు వదులుతుంది, షుగర్ పెరుగుతుంది. దీనికి షుగర్ మాత్ర ఒక్కటే చాలదు. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర నిద్ర పరీక్ష చేయించాలి, అవసరమైతే నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మిషన్ పెట్టించాలి. గురకంటే గాఢనిద్ర అనుకుని వదిలేయకండి.

మూడు రాత్రుల పుస్తకం డాక్టరు ముందు పెట్టి, చెమట, గురక, బాత్రూమ్ లెక్కలు నోటితో కూడా చెప్పండి. మందు ఆయనే మారుస్తారు. మార్చాక రెండు వారాలాగి మళ్లీ మూడు రాత్రులు చూడాలి. నాన్నకి వేరే డాక్టరు రాత్రి ఇన్సులిన్ తగ్గించాక అలాగే చూశాను. మూడో రాత్రి మూడింటికి 118 వచ్చింది. బనియన్ పొడిగా ఉంది, దిండు కింద ఏమీ లేదు.