డాగ్ డోర్ ఉన్న ఇంట్లో చిన్నపిల్లలు: ఆ కంత ఎలా మూయాలి?

టెక్సస్‌లో ఈ ఇల్లు కొన్నప్పుడు మాకు కుక్క లేదు. పాత యజమానులకు ఉండేది. వంటగదిలోంచి బ్యాక్‌యార్డ్‌లోకి వెళ్ళే తలుపు అడుగున, రబ్బరు రెక్క వేలాడే డాగ్ డోర్, అంటే కుక్క దానంతట అదే తోసుకుని వచ్చి పోయే కంత, వాళ్ళు పెట్టించుకున్నదే. ఇల్లు చూసిన రోజు రూఫ్ ఎన్నాళ్ళది, ఏసీ ఎప్పుడు మార్చారు, స్కూల్ రేటింగ్ ఎంత అని అన్నీ అడిగాం. ఆ రెక్క గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

దిగిన మూడు వారాలకు, ఒక సాయంత్రం పప్పులో పోపు పెడుతుంటే వెనక టప్‌మని చప్పుడైంది. తిరిగి చూస్తే 14 నెలల మా పాప నడుము దాకా బయట ఉంది. ఇటువైపు డైపరూ రెండు కాళ్ళూ మాత్రమే కనిపిస్తున్నాయి. కాళ్ళు పట్టుకుని లోపలికి లాగాను. అదేదో ఆట అనుకుని అది కిలకిలా నవ్వింది. నాకు చేతులు వణికి గరిటె పట్టుకోవడం కూడా రాలేదు. ఆ గుమ్మం నుంచి బ్యాక్‌యార్డ్‌లో ఉన్న స్విమ్మింగ్ పూల్ అంచుకి నా అంగల్లో పన్నెండు. ఆ రాత్రే కొలిచాను.

అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం నీళ్ళలో మునిగిపోవడమే. ఆ వయసు పిల్లలు ఎక్కువగా మునిగేది ఇళ్ళలోని స్విమ్మింగ్ పూల్స్‌లో. కాలిఫోర్నియా, అరిజోనా, ఫ్లోరిడాల్లో ఇలాంటి ప్రమాదాల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ చాలా ఏళ్ళ కిందట ఒక అధ్యయనం చేసింది. ప్రమాదం జరిగినప్పుడు 69 శాతం మంది పిల్లల విషయంలో, వాళ్ళు పూల్ దగ్గర ఉంటారని ఎవరూ అనుకోలేదు. 77 శాతం మంది పెద్దవాళ్ళ కంటికి కనబడకుండా పోయింది ఐదు నిమిషాలో, అంతకన్నా తక్కువో. ఐదు నిమిషాలంటే అన్నం వార్చి, ఫోన్లో ఒక మెసేజ్ చూసేంత సేపు.

టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి చోట్ల పూల్ ఉన్న పాత ఇల్లు కొంటున్న మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. కాబట్టి మేం ఏం చేశామో, ఏది ముందే చేసి ఉండాల్సిందో వరసగా రాస్తున్నాను.

మొదటి పని: మోకాళ్ళ మీద కూర్చుని కొలవండి

టేపు తీసుకుని రెక్క ముందు నేల మీద కూర్చోండి. నిలబడి చూస్తే అది తలుపులో చిన్న భాగంలా ఉంటుంది. పాకే పిల్లల ఎత్తు నుంచి చూస్తే అదే అసలు తలుపు. తాళం లేదు, గడియ లేదు, తలతో తోస్తే చాలు తెరుచుకుంటుంది. కుక్క అందులోంచి వెళ్ళి రావడం రోజూ చూసే పిల్లకి ఇంక వేరే పాఠం అక్కర్లేదు.

రెక్క ఎత్తి, ఖాళీ వెడల్పూ ఎత్తూ రెండూ రాసుకోండి. రెండేళ్ళ పిల్లల తల చుట్టుకొలత సుమారు 48 సెంటీమీటర్లు. అడ్డంగా చూస్తే సుమారు ఐదున్నర అంగుళాలే. మీడియం సైజు డాగ్ డోర్ దాదాపు 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉంటుంది. లార్జ్ అయితే 10, 16 అంగుళాలు. తల పట్టిన చోట ఆ వయసు పిల్లల ఒళ్ళు కూడా పట్టేస్తుంది. "మాది పిల్లి కోసం పెట్టిన చిన్నదే కదా" అనీ నిశ్చింతగా ఉండకండి. అలాంటి దాంట్లో తల దూరి, వెనక్కి రాక ఇరుక్కుపోవచ్చు.

తర్వాత బయటికి వెళ్ళి అటువైపు ఏముందో చూడండి. పూల్, హాట్ టబ్, అలంకారానికి పెట్టిన నీటి కుండీ, మెట్లు, బార్బెక్యూ గ్రిల్, రోడ్డు మీదికి తెరుచుకునే సైడ్ గేటు. మిన్నెసోటా, మిషిగన్ లాంటి చోట్ల ఉన్నవాళ్ళకి పూల్ లేకపోయినా జనవరి రాత్రి ఒక్కటి చాలు. నైట్ డ్రెస్‌లో బయటికి పాకిన పిల్లకి మంచులో ప్రాణం మీదికి రావడానికి ఎక్కువ సేపు పట్టదు. గరాజ్‌లోకి తెరుచుకునే రెక్క అయితే అక్కడ ఏసిడ్ డబ్బాలు, పనిముట్లు, వెనక్కి వచ్చే కారు.

కుక్క లేకపోతే: ఈ వారాంతంలోనే తీసేయండి

వాడని డాగ్ డోర్‌ని ఉంచుకోవడానికి ఒక్క కారణం కూడా లేదు. అన్నిటికన్నా మంచిది తలుపు మార్చేయడం. అది కుదిరేలోపు రెండు ప్లైవుడ్ ముక్కలతో మూసేయొచ్చు. కంత కన్నా అన్ని వైపులా రెండేసి అంగుళాలు పెద్దగా, అర అంగుళం మందం ఉన్న ముక్కలు రెండు కోయించండి. హోమ్ డిపో లాంటి హార్డ్‌వేర్ షాపులో కొలత చెప్తే అక్కడే కోసి ఇస్తారు. రెక్క తీసేసి ఒక ముక్క లోపల, ఒక ముక్క బయట పెట్టి, కంత గుండా నాలుగు బోల్టులు వేసి బిగించండి. బోల్టు గుండ్రటి తల లోపలివైపు, నట్టు బయటివైపు ఉండాలి. అలా అయితే పిల్లలు విప్పలేరు, గీరుకోదు కూడా. మధ్యలో థర్మకోల్ ముక్క పెడితే ఏసీ చల్లదనం కూడా పోదు. మాకు గంటన్నర పట్టింది.

స్లైడింగ్ గ్లాస్ డోర్ పక్కన నిలువుగా పెట్టే ప్యానెల్ రకమైతే ప్యానెల్ మొత్తం తీసేయండి. తీశాక గాజు తలుపు పాత గడియకి సరిగ్గా పడుతోందో లేదో చూసుకుని, పైన ఇంకో లాక్ వేయించండి.

అద్దె ఇల్లయితే ఓనర్‌కి నోటి మాటగా చెప్పి ఊరుకోకండి. ఫొటో తీసి, ఇంట్లో చిన్నపిల్లలున్నారని, మూయించమని ఈమెయిల్ పెట్టండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డాగ్ డోర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ పలక ఉంటుంది, గాడిలో పైనుంచి జార్చేది. అది చలిగాలిని ఆపడానికి, కుక్కను ఆపడానికి. పిల్లలకి వేసే తాళం కాదు. రెండేళ్ళ పిల్లలు దాన్ని పైకి లాగి పక్కన పెట్టేయగలరు. దాన్నే వాడక తప్పకపోతే పక్కనుంచి స్క్రూ బిగించండి.

కుక్క ఉంటే

ఇక్కడే ఇంట్లో వాదన మొదలవుతుంది. "మరి అది బయటికెలా వెళ్తుంది?" అని. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలు, బయట పూల్ ఉన్నన్నాళ్ళూ ఆ రెక్క మూసే ఉండాలి. కుక్కని మనమే తీసుకెళ్ళి తీసుకురావాలి. ఇబ్బందే. రోజుకి నాలుగైదు సార్లు లేవాలి, వానలో కూడా.

అది నిజంగా కుదరని వాళ్ళకి ఇంకో దారి ఉంది. డాగ్ డోర్‌ని పూల్ వైపు నుంచి తీసేసి, ఇంటి పక్కన కుక్క కోసం విడిగా ఫెన్స్ కట్టిన చోటికి తెరుచుకునేలా మార్పించడం. పిల్ల దూరినా ఆ ఆవరణలోనే ఉండిపోతుంది.

ఎలక్ట్రానిక్ డాగ్ డోర్ కొంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కుక్క మెడలోని ట్యాగ్‌నో, చర్మం కింద చిప్‌నో గుర్తుపట్టి తెరుచుకునేవి ఇవి. మామూలు రెక్క కన్నా నయమే, కానీ కుక్క వెళ్ళాక కొన్ని సెకన్ల పాటు తాళం పడకుండా ఉండేవి చాలా ఉన్నాయి. మన పిల్లలు కుక్క తోక పట్టుకునే తిరుగుతారు కదా. ట్యాగ్ రకమైతే ఆ ట్యాగ్ పిల్ల చేతిలో ఉన్నా తెరుచుకుంటుంది. ఇలాంటి వాటిలో కొన్నిటి మీద పిల్లలు దూరే అవకాశం ఉందని, పూల్ ఉన్నవాళ్ళు వేరే అడ్డు పెట్టుకోవాలని కంపెనీలే హెచ్చరిక రాస్తాయి. డబ్బా పారేసే ముందు అది చదవండి.

పూల్ చుట్టూ నాలుగు వైపులా ఫెన్స్

చాలా ఇళ్ళలో బ్యాక్‌యార్డ్‌కి మూడు వైపులా చెక్క ఫెన్స్ ఉంటుంది, నాలుగో వైపు ఇంటి గోడే. అది చూసి "మాకు ఫెన్స్ ఉంది" అంటాం. ఆ ఫెన్స్ పక్కింటి పిల్లల్ని ఆపుతుంది. మన పిల్లకి, పూల్‌కి మధ్య ఉన్నది నాలుగో వైపు ఒక్కటే. దానికే డాగ్ డోర్ ఉంది. అంటే ఫెన్స్‌కి మనమే కంత పెట్టుకున్నట్టు.

ఇంటికీ పూల్‌కీ మధ్య కూడా అడ్డుండేలా, పూల్ చుట్టూ నాలుగు వైపులా కట్టిన ఫెన్స్ ఉంటే మూడు వైపుల ఫెన్స్‌తో పోలిస్తే పిల్లలు మునిగే ప్రమాదం 83 శాతం తగ్గుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఎత్తు కనీసం 4 అడుగులు ఉండాలి, 5 ఉంటే ఇంకా మంచిది. కమ్మీల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు. గేటు దానంతట అదే మూసుకుని గడియ పడాలి, పూల్ వైపు కాకుండా బయటివైపు తెరుచుకోవాలి. గడియ నేల నుంచి కనీసం 54 అంగుళాల ఎత్తున ఉండాలి. వలలా ఉండే మెష్ ఫెన్స్ అయితే పార్టీల రోజు తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. "మళ్ళీ పెట్టడం" మర్చిపోవద్దు. ఫెన్స్ పక్కన కుర్చీలు, పూలకుండీలు ఉంచితే మెట్లు కట్టి ఇచ్చినట్టే.

చట్టం రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. సిటీ పర్మిట్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. కానీ చట్టం అడిగిన దాంతో ఆగకండి.

అలారం నమ్ముకున్నవాళ్ళకి

మేం పడిన పొరపాటు ఇదే. వెనక తలుపుకి సెన్సర్ ఉంది, తలుపు తీస్తే ఇల్లంతా మోగుతుంది. పాప రెక్కలోంచి దూరిన రోజు అది మోగలేదు. ఎందుకు మోగుతుంది? తలుపు తెరుచుకోలేదు కదా. తలుపు సెన్సర్‌కి రెక్క కదిలిన సంగతి తెలియదు. రెక్కకి విడిగా సెన్సర్ పెడితే కుక్క తిరిగినప్పుడల్లా మోగుతుంది, మూడో రోజుకి విసిగి ఆపేస్తాం. నీళ్ళలో ఏదైనా పడితే మోగే పూల్ అలారం పెట్టుకోవడం మంచిదే, కానీ అది మోగేటప్పటికే పిల్ల నీళ్ళలో ఉంటుంది.

చూసుకునేది ఎవరు? పేరు పెట్టి చెప్పండి

బాధ్యత తల్లిదండ్రులది. ఊరి నుంచి ఆరు నెలలకి వచ్చిన అమ్మమ్మది కాదు, తాతయ్యది కాదు. వాళ్ళు జన్మలో డాగ్ డోర్ చూసి ఉండరు. మా అమ్మ దాన్ని చూసి "పోస్టు వేసేదా అమ్మా?" అని అడిగింది. వాళ్ళు దిగిన మొదటి రోజే ఇల్లంతా తిప్పి చూపించండి. "అమ్మా, ఇక్కడ కంత ఉంది, దాని అవతల మూత లేని నుయ్యి ఉంది" అని చెప్తే చాలు. సంప్ మూత తెరిచి ఉంచకూడదని మనల్ని ఎన్నిసార్లు కేకలేసి ఉంటారో, ఆ భయం వాళ్ళకి బాగా తెలుసు.

పిల్లని ఒకరి నుంచి ఒకరికి అప్పగించేటప్పుడు మాటల్లో అప్పగించండి. "నేను స్నానానికి వెళ్తున్నా, నువ్వు చూస్తున్నావా?" "ఆఁ, చూస్తున్నా." ఈ రెండో మాట వినిపించాకే కదలాలి. వినపడిందనుకుని వెళ్ళిపోకూడదు.

పాట్‌లక్‌లు (తలా ఒక వంట తెచ్చుకునే విందులు), సత్యనారాయణ వ్రతాలు, పుట్టినరోజులు అన్నిటికన్నా టెన్షన్. ఇంట్లో 30 మంది ఉంటే 30 మందీ చూస్తున్నారనుకుంటాం. పిల్లల్ని చూడటానికి ఒక్కరే ఉండాలి, 15 నిమిషాలకి ఒకసారి మారాలి, ఆ సేపు చేతిలో ఫోన్ గానీ ప్లేటు గానీ ఉండకూడదు. వేరేవాళ్ళ ఇంటికి వెళ్తే చెప్పులు విప్పుతూనే అడగండి: "మీకు డాగ్ డోర్ ఉందా? పూల్ ఉందా?" డిస్నీ చూడటానికి ఓర్లాండోలో అద్దెకి తీసుకునే ఇళ్ళ సంగతీ అంతే. సామాను దించకముందే వెనక తలుపులన్నీ చూడండి.

పిల్ల కనిపించకపోతే

ముందు నీళ్ళ దగ్గరికి పరుగెత్తండి. మంచం కింద, అల్మారాలో తర్వాత వెతకొచ్చు. మునిగే పిల్లలు చాలాసార్లు అరవరు, చేతులు కొట్టరు. చప్పుడే ఉండదు. కేకలేసి సాయం పిలుస్తూనే పైకి తీయండి. శ్వాస లేకపోతే ముందు రెండు సార్లు నోటితో గాలి ఊది, తర్వాత ఛాతీ మీద 30 సార్లు నొక్కి, మళ్ళీ రెండు సార్లు ఊదుతూ సాయం వచ్చేదాకా ఆపకండి. ఇంకొకరు ఉంటే వాళ్ళు 911కి, అంటే అమెరికా ఎమర్జెన్సీ నంబరుకి, ఫోన్ చేయాలి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పడేసి మొదలుపెట్టండి. తలకిందులుగా పట్టుకుని ఊపడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం వద్దు. మన ఊళ్ళలో అలవాటే గానీ, దాంతో ఊపిరి ఊదాల్సిన నిమిషాలు పోతాయి. ఇలా ఊపిరి ఊది ఛాతీ నొక్కడాన్నే సీపీఆర్ అంటారు. ఆ క్లాసులు రెడ్ క్రాస్ పెడుతుంది, ఒక పూట పని. అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళండి, భాష రాకపోయినా బొమ్మ మీద చేసి చూపిస్తారు.

ఇంకొకటి. 911కి ఫోన్ చేస్తే మొదట అడిగేది అడ్రస్. మా అమ్మకి మా ఇంటి అడ్రస్ నోటికి రాదని ఆ రాత్రే మాకు తెలిసింది. ఇంటి నంబరు, వీధి పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాం. దాని కింద "తెలుగు అని చెప్పు, తెలుగు వచ్చినవాళ్ళని కలుపుతారు" అని కూడా రాశాం. చాలా చోట్ల 911 వాళ్ళు లైన్‌లోకి దుబాసీని తెప్పిస్తారు. అమ్మ రోజూ పాలు తీసేటప్పుడు దాన్ని ఒకసారి పైకి చదివేది. వారం తిరిగేసరికి చూడకుండా చెప్పడం వచ్చేసింది.