సైక్లిక్‌టెస్ట్ నడిపే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

లినక్స్‌లో షెడ్యూలింగ్, ఇంటరప్ట్ ఆలస్యాలు కొలిచే సాధనం సైక్లిక్‌టెస్ట్. దాన్ని నడిపే ముందు ఇవి సరిచూసుకోండి.

• కెర్నెల్ ఏదో చూడండి. కెర్నెల్‌ను రియల్‌టైమ్ పనులకు అనువుగా మార్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది, కానీ కాన్ఫిగ్‌లో ఎంచుకుంటేనే పనిచేస్తుంది. లాక్‌డెప్ లాంటి డీబగ్ ఆప్షన్లు ఆపేయండి, వాటి బరువు కూడా మీ అంకెల్లో కలుస్తుంది.

• వర్చువల్ మెషీన్ వద్దు.

• ముందుగా, హార్డ్‌వేర్, ఫర్మ్‌వేర్ వల్ల వచ్చే ఆలస్యాలను పట్టే హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ నడపండి. ఎక్స్86 యంత్రాల్లో ఫర్మ్‌వేర్ తనంతట తాను ప్రాసెసర్‌ను లాక్కునే ఎస్ఎమ్ఐ ఇంటరప్టులు ఆపరేటింగ్ సిస్టమ్ కంటికి కనబడవు. ఇది చూడకుండా కెర్నెల్‌ను తప్పుపట్టి రోజులు పోగొట్టుకోవడం చాలా బాధాకరం.

• ప్రాసెసర్ నిద్ర సంగతి మరవకండి. సైక్లిక్‌టెస్ట్ మామూలుగా గాఢనిద్ర స్థితులను తనే ఆపేస్తుంది. మీ అసలు ప్రోగ్రామ్ ఆ పని చేయకపోతే, మేల్కొనే ఆలస్యం దానికి అదనంగా పడుతుంది. అంటే ఫలితం ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే.

• ప్రాధాన్యం మీ ప్రోగ్రామ్‌కు ఇవ్వబోయేదే ఇవ్వండి. ప్రీఎంప్ట్ ఆర్‌టీలో ఇంటరప్ట్ థ్రెడ్లు మామూలుగా 50 దగ్గర ఉంటాయి. అంతకు పైనా కిందా వచ్చే ఫలితాలు వేరు.

• మెమరీ లాక్ చేయండి, అంటే ప్రోగ్రామ్ పేజీలు డిస్క్‌కు పోకుండా ర్యామ్‌లోనే ఉంచండి.

• ఖాళీ యంత్రం మీద కొలవకండి. హ్యాక్‌బెంచ్, డిస్క్, నెట్‌వర్క్ లోడ్ పెట్టి గంటల తరబడి వదలండి. సగటు కాదు, గరిష్ఠం రాసుకోండి.