మద్రాసు గుండె ఆస్పత్రికి పోయే ముందు మందుల సంచి బోర్లించండి

నెల్లూరు, గూడూరు, నాయుడుపేట వైపు గుండెకి పెద్ద వైద్యం అంటే ఇప్పటికీ మద్రాసే. ఊరు 1996లో చెన్నై అయింది గానీ మావాళ్ల నోట మాత్రం "మద్రాసు తీసకపోవాలంట" అనే మాటే వస్తుంది. మేముండేది పెరంబూరులో. మా ఇంటికి దగ్గర్లోని రైల్వే ఆస్పత్రిలోనే 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో మొదటి విజయవంతమైన బైపాస్ చేశారు. సెంట్రల్‌లో దిగిన చుట్టాలు ఆస్పత్రికి పోయే ముందు మా ఇంట్లో కాఫీ తాగి పోవడం ఆనవాయితీ. కాఫీ కలిపేలోపు నేను అడిగేది ఒకటే: "మందుల సంచి ఏదీ? మంచం మీద బోర్లించండి."

పోయినేడు మా పిన్ని యాంజియోగ్రామ్‌కి వచ్చినప్పుడు బట్టల షాపు సంచిలోంచి రాలినవి ఇవి: బీపీ బిళ్లలు, షుగరు బిళ్లలు రెండు రకాలు, కత్తెరతో కత్తిరించినందువల్ల పేరు సగమే మిగిలిన స్ట్రిప్పు ముక్క, మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, సీసాలో ఏదో చూర్ణం, జుట్టు ఊడకుండా వేసుకునే బయోటిన్, లేత పచ్చ రంగులో మెరిసే విటమిన్ ఇ క్యాప్సూల్స్.

"ఇవన్నీ డాక్టరుకి చెప్పావా పిన్నీ?"

"చెప్పానే అమ్మాయ్. బీపీవీ, షుగరువీ."

"మరి ఈ పచ్చవి?"

"అవి మందులు కావులే. బలం బిళ్లలు. యాంటీ ఆక్సిడెంట్ అంట, గుండెకి మంచిదని మెడికల్ షాపబ్బాయి ఇచ్చాడు."

గుండె ఆస్పత్రికి వెళ్లేవాళ్లు మొట్టమొదట జాగ్రత్త పడాల్సింది ఈ "మందులు కావులే" దగ్గరే. డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అంటే మనం చీటీలో రాసినవే చెబుతాం. చీటీ లేకుండా మింగేవి లెక్కలోకి రావు.

షాపబ్బాయి చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదు. నూనె పాతబడితే గాలి తగిలి వాసన మారుతుంది చూడండి, మన రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌కీ దాదాపు అదే జరుగుతుంది. ఒంట్లో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు దాన్ని చెడగొడతాయి. చెడిన కొలెస్ట్రాల్‌ని రక్తనాళం గోడలోని కణాలు మింగి మింగి ఉబ్బిపోతాయి, అక్కడే పూడిక మొదలవుతుంది. ఫ్రీ రాడికల్స్ పెట్టే ఈ చెరుపునే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు, దాన్ని అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు. అలాంటప్పుడు దాన్ని ఆపే విటమిన్ బిళ్ల మింగిస్తే సరిపోతుంది కదా అని డాక్టర్లూ ఆశపడ్డారు. ఆశపడి ఊరుకోకుండా పరీక్షించి చూశారు. 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలో గుండెజబ్బు ముప్పున్న తొమ్మిదిన్నర వేల మందిలో సగం మందికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ, మిగతా సగానికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి నాలుగున్నరేళ్లు గమనించారు. గుండెపోట్లు తగ్గలేదు. అదే మనుషుల్ని ఇంకా కొన్నేళ్లు గమనించి 2005లో చెప్పిందేమిటంటే, విటమిన్ వేసుకున్నవాళ్లలో హార్ట్ ఫెయిల్యూర్ కాస్త ఎక్కువైందని. 2002లో బ్రిటన్‌లో 20,536 మందిలో సగం మందికి విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ మూడూ కలిపి ఇచ్చి చూసినా ఫలితం సున్నాయే. అంతకుముందే, 1994లో, ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లకి బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అన్నీ దొంగలు కావు. క్రిముల్ని చంపడానికి తెల్ల రక్తకణాలు వాడే ఆయుధాల్లో అవీ ఒకటి. ఉసిరికాయ, జామకాయ, ఆకుకూర తినడానికి ఎవరూ అడ్డు చెప్పరు. నా పేచీ బిళ్లతోనే.

పని చేయకపోతే చేయకపోయింది, పోయేది డబ్బులేగా అనుకోవచ్చు. ఆస్పత్రిలో పోయేది డబ్బు ఒక్కటే కాదు. విటమిన్ ఇ మోతాదు ఎక్కువైతే రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది. రక్తం పల్చబడే మందులు ఎటూ వేసుకుంటున్న మనిషికి తొడలోనో మణికట్టులోనో గొట్టం దూర్చే రోజు అది అదనపు తలనొప్పి. వెల్లుల్లి క్యాప్సూల్స్, జింకో అనే మూలిక బిళ్లలు లాంటివీ అంతే. పెద్ద ఆపరేషన్ ఉంటే ఇలాంటివి రెండు వారాల ముందే ఆపమని మత్తు డాక్టర్లు చెబుతారు. కాబట్టి తేదీ ఖాయం కాగానే ఫోన్లోనే అడిగేయండి.

బయోటిన్ సంగతి వింటే పిన్ని నోరు తెరిచింది. గుండెపోటు వచ్చిందా లేదా అని తేల్చే ట్రోపోనిన్ రక్తపరీక్ష ఉంది కదా, కొన్ని ల్యాబ్ మెషీన్లలో ఎక్కువ మోతాదు బయోటిన్ దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉన్న ట్రోపోనిన్‌ని తక్కువగా చూపిస్తుంది. అలా తప్పుడు ఫలితం వచ్చిన ఒక రోగి చనిపోయారని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. జుట్టు బిళ్లల్లో కొన్నిటి మీద 10,000 అని ఉంటుంది. ఛాతీనొప్పితో ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు "జుట్టుకి బిళ్లలు వేసుకుంటున్నా" అని చెప్పడానికి సిగ్గుపడకండి.

ఇక అసలు మందులు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లయితే, యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు ఎక్స్‌రేలో కనపడేలా ఎక్కించే డై (రంగు మందు) కారణంగా కిడ్నీల తీరును బట్టి 48 గంటలు ఆపమనొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు బిళ్లలు అయితే ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపాలి. లేకపోతే షుగరు మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. నొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్ ఇటు కిడ్నీకీ అటు గుండెకీ మంచిది కాదు, దాన్ని దాచిపెడితే డై దెబ్బకి తోడవుతుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం ఎవరో చెప్పారని మీ అంతట మీరు ఆపకండి. ముఖ్యంగా ముందే స్టెంట్ ఉన్నవాళ్లు. పన్ను పీకించుకోవడానికి ఆపినా స్టెంట్ మూసుకుపోవచ్చు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరే చెప్పాలి.

డై అనగానే నెల్లూరోళ్లకి ఒక అనుమానం: "నాకు రొయ్యలు పడవు, డై కూడా పడదేమో?" రొయ్యల అలర్జీకీ అయోడిన్ డైకీ ముడిపెట్టడం పాత అపోహ. రొయ్యలు పడవని చెప్పండి, తప్పులేదు. కానీ గట్టిగా చెప్పాల్సింది మరొకటి: ఇదివరకు స్కానింగులోనో యాంజియోలోనో డై ఎక్కించినప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అన్నది. డై నుంచి కిడ్నీలని కాపాడటానికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మందు చాలా ఏళ్లు ఇచ్చారు. కిడ్నీలు బలహీనంగా ఉన్న ఐదు వేల మంది మీద పరీక్షించి 2018లో వెలువరించిన ఫలితాల్లో దానివల్ల లాభం కనిపించలేదు. అందువల్ల "ఆ ఊళ్లో మా బావకి ఇచ్చారు, మాకెందుకివ్వలేదు" అని అడగక్కర్లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడమే ముఖ్యం. ఎంత తాగాలో మాత్రం డాక్టర్ని అడగండి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి నీళ్లూ కొలతే.

ఆక్సిజన్ మీదా ఇలాంటి తగవే. గుండెపోటు వచ్చిన మనిషికి మాస్కు పెట్టలేదని బంధువులు నర్సమ్మ మీద విరుచుకుపడటం నేను కళ్లారా చూశాను. వేలికి తగిలించే క్లిప్పులో 90 లేదా ఆపైన ఉన్నవాళ్లకి ఆక్సిజన్ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఏడాది తర్వాత ప్రాణాల లెక్కలో తేడా లేదని 2017లో స్వీడన్‌లో 6,629 మంది మీద చేసిన పరిశోధన తేల్చింది. మూసుకున్న నాళం తెరుచుకుని రక్తం ఒక్కసారిగా పారినప్పుడు ఫ్రీ రాడికల్స్ ఎటూ పుడతాయి. అవసరం లేని ఆక్సిజన్ దానికి మందు కాదు.

పేరు పదేపదే అడిగితే విసుక్కోకండి. మద్రాసు ఆస్పత్రి వార్డులో ఇద్దరు పెంచలయ్యలు పక్కపక్క మంచాల మీద ఉండటం వింతేమీ కాదు. పైగా మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడివాళ్లు తండ్రి పేరులో మొదటి అక్షరం రాస్తారు. ఆధార్‌లో ఒకలా, ఫైల్లో ఇంకోలా పడుతుంది. అందుకని చేతి పట్టీ మీద పేరు, వయసు, ఆస్పత్రి నంబరు మూడూ మీరే చదివి చూసుకోండి. రక్తం ఎక్కించేటప్పుడు, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు "పెంచలయ్యేనా?" అంటే తల ఊపకుండా పూర్తి పేరు నోటితో చెప్పించండి. ఆపరేషన్ గదిలో కోత పెట్టే ముందు అందరూ ఆగి పేరు, చేసే పని మళ్లీ చదువుతారు. ఇది 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల పట్టిక. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి.

భాష దగ్గర నాలుగు మాటలు నేర్చుకుని పోండి. నెంజు వలి అంటే ఛాతీనొప్పి. మూచ్చు అంటే ఊపిరి. మయక్కం అంటే కళ్లు తిరగడం, మన మైకం లాంటిదే. వెరుం వయిరు అంటే పరగడుపు. ఈ చివరిది తెలియక ఒకాయన ఇడ్లీ తిని కూర్చుంటే ఆయన యాంజియో మర్నాటికి పడింది. నొప్పి ఎక్కడో చేత్తో చూపించడం ఎటూ ఉంది.

పెద్ద ఆస్పత్రుల్లో పరిశోధనలూ జరుగుతుంటాయి. "ఈ స్టడీలో చేరతారా?" అని కాగితాలు ఇస్తే భయపడనక్కర్లేదు, కళ్లు మూసుకుని సంతకమూ పెట్టక్కర్లేదు. పైన చెప్పిన పరిశోధనల ఫలితాలన్నీ అలా చేరినవాళ్ల వల్లే మనకి తెలిశాయి. కానీ కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు ప్రతి అడగండి. చదవడం రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. చేరనన్నా మామూలు వైద్యం ఆగదు, చేరాక మధ్యలో మానుకున్నా ఆగదు. మన దేశంలో మందుల ట్రయల్స్‌ని 2009 నుంచి సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ ట్రయల్స్ రిజిస్ట్రీలో తప్పనిసరిగా నమోదు చేస్తున్నారు, ఆ నంబరు అడిగి రాసుకోండి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరు ఇవ్వాలో 2019 నిబంధనల్లో ఉంది. ఆ ముక్క మీ కాగితంలో ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనండి.

వార్డులో ఉన్నన్నాళ్లూ చేతులు కడుక్కోవడం, బాత్రూమ్‌కి ఒంటరిగా పోకపోవడం, కట్టు కట్టిన చోట తడిగానో ఉబ్బుగానో అనిపిస్తే గట్టిగా అదిమిపట్టి వెంటనే పిలవడం: ఇవి నర్సమ్మలే చెబుతారు. వాళ్లు చెప్పనిది గేటు బయట ఎళనీరు బండి. చూడవచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరిబోండాం పట్టుకొస్తారు. అందులో పొటాషియం ఎక్కువ. స్పైరనోలాక్టోన్, రామిప్రిల్ లాంటి గుండె, బీపీ మందులు వాడుతున్నవాళ్లకి, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లోనూ ఆ సోడియం బదులు కలిపేది పొటాషియమే. ఆవకాయ మానేసి ఈ ఉప్పుకి మారామని సంబరపడేవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి.

డిశ్చార్జి రోజు హడావుడిలో మేం చేసిన తప్పు చెబుతాను. మా మామగారికి స్టెంట్ వేశాక ఆస్పత్రి ఫార్మసీ క్లోపిడోగ్రెల్ ఒక కంపెనీది ఇచ్చింది. ఇంట్లో పాతది వేరే కంపెనీది ఉంది. పేర్లు వేరు, రంగులు వేరు. కొత్త బిళ్ల వచ్చిందనుకుని ఆయన రెండూ వేసుకున్నారు, మూడు వారాలు. చిగుళ్ల నుంచి రక్తం, తర్వాత నల్లటి విరేచనం. మళ్లీ అడ్మిషన్. సమ్మరీలో మందు అసలు పేరు రాసే ఉంది. చదవాల్సింది నేను, చదవలేదు. అక్కడ ఎవరూ పాత మందులేంటని అడగలేదు కూడా.

అప్పటి నుంచి మా ఇంట్లో రూలు ఇది. డిశ్చార్జి కాగితం చేతికి రాగానే సంచి మళ్లీ బోర్లిస్తాం. స్ట్రిప్పు మీద కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూస్తూ, కాగితంలో ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు పెడతాం. లేనివాటిని ఫార్మసీ కిటికీలో చూపించి "ఇవి ఆపాలా?" అని అడిగి, ఆపమన్నవి అక్కడే వదిలేస్తాం. స్ట్రిప్పుని పేరు పోయేలా కత్తిరించం. స్టెంట్ వివరాల స్టిక్కరు, యాంజియో సీడీ, సమ్మరీ ఒకే కవర్లో పెడతాం. ఇంకా ఏమైనా రికార్డు కావాలంటే రాసి అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో మద్రాసు దారులు మూసుకుపోతాయి కాబట్టి ఆ నెలల్లో పది రోజుల మందు అదనంగా కొనిపిస్తాను.

ఊరెళ్లాక కొత్త బిళ్ల పడక దద్దుర్లో, రక్తం కారడమో మొదలైతే మొదట ఆ డాక్టరుకి ఫోను. ఆయాసం, ఛాతీనొప్పి అయితే ఫోన్లూ వద్దు, 108. మందు దుష్ఫలితాల్ని నమోదు చేయడానికి ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ నంబరు 1800-180-3024 ఉంది, పని దినాల్లో ఎత్తుతారు, రోగులూ చేయొచ్చు. మా పిన్ని ఆ నంబరుని మందుల సంచి మీదే స్కెచ్ పెన్నుతో రాసుకుంది. పచ్చ క్యాప్సూల్స్ డబ్బాలో ఇప్పుడు గుండుసూదులు పోస్తోంది.