జూన్ 12 రాకముందే పిల్లల్ని బడికి తయారు చేయడం ఎలా

తెలంగాణలో ఎండాకాలం సెలవుల తర్వాత బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. జనగామ, పరకాల, నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో అప్పుడే మిరుగం (మృగశిర కార్తె), పత్తి గింజలు పెట్టే రోజులు. పెద్దవాళ్లంతా చేను పనిలో ఉంటారు కాబట్టి పిల్లల బడి సంగతి జూన్ 11 సాయంత్రానికి గాని గుర్తుకు రాదు. బ్యాగు, బుక్కులు ఆ ఒక్క సాయంత్రంలో కొనొచ్చు. నిద్ర, ఆకలి, బాత్రూం మాత్రం బడి వేళలకు అలవాటు కావాలంటే దగ్గర దగ్గర రెండు వారాలు పడుతుంది. జూన్‌లో పిల్లలు ఏడ్చినా, టిఫిన్ బాక్సు అట్లనే తిరిగి తెచ్చినా, క్లాసులో తూగినా చదువు మీద శ్రద్ధ లేదని తిట్టకండి. ముందు ఈ మూడూ చూడండి.

నిద్ర

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 3 నుంచి 5 ఏళ్ల వాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. సెలవుల్లో రాత్రి 11 దాకా ఫోను, పొద్దున ఎనిమిదిన్నరకు లేవడం చాలా ఇళ్లలో ఉన్నదే. తొందరగా పడుకోమంటే వాళ్లకు నిద్ర రాదు, మనకు కోపం వస్తుంది. అందుకే పడుకునే వేళను వదిలేసి లేచే వేళ మార్చండి. ఎనిమిదిన్నర నుంచి ఆరున్నరకు రావాలంటే 2 గంటలు జరపాలి. రెండు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరిపితే 16 రోజులు పడుతుంది, అంటే మే 27న మొదలుపెట్టాలి. లేపగానే కిటికీ తెరవండి, లేదంటే వాకిట్లోకి తీసుకుపోండి. వెలుతురు పడితేనే మత్తు వదులుతుంది. మధ్యాహ్నం మూడున్నర తర్వాత పడుకోనివ్వొద్దు. ఆదివారమని మళ్లీ ఎనిమిదిన్నర దాకా వదిలేస్తే సోమవారం మొదటికి వస్తుంది.

బట్టలు, బూట్లు

సర్కారు బడిలో యూనిఫాం వాళ్లే ఇస్తారు. ప్రైవేటు బడికి బట్ట కొని కుట్టిస్తుంటే మే మూడో వారంలోపే టైలర్‌కు ఇవ్వండి, జూన్ మొదటి వారంలో ఎవరి దగ్గరా ఖాళీ ఉండదు. కాటన్ బట్ట అయితే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కత్తిరించాలి. లేకపోతే రెండు ఉతుకులకే పొట్టిదవుతుంది. కింద రెండు అంగుళాలు లోపలికి మడిచి కుట్టిస్తే మళ్లీ ఏడాది దాకా పనికొస్తుంది.

నర్సరీ నుంచి ఒకటో తరగతి దాకా బెల్టు, హుక్కు ఉన్న ప్యాంటు వద్దు, ఎలాస్టిక్‌దే మంచిది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ బడి అంటే భయం చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. హుక్కు ఊడదీసుకోవడం రాక బట్టలు తడుపుకున్న పిల్లవాడు మర్నాడు బడికి పోనంటాడు, ఎందుకో మాత్రం చెప్పడు. విప్పుకోవడం, వేసుకోవడం, కడుక్కోవడం వారం రోజులు ఇంట్లో వాళ్లతోనే చేయించండి. మొదటి రోజు మీరే తీసుకుపోయి బడిలో టాయిలెట్ ఎక్కడుందో చూపించండి. ఆడపిల్లలు అక్కడికి పోవడం ఇష్టం లేక నీళ్లు తాగడమే మానేస్తారు, దాంతో మూత్రంలో మంట మొదలవుతుంది. సాయంత్రం బాటిల్ నిండుగా తిరిగొస్తే అదే గుర్తు.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. సాక్స్ వేయించి, నిలబెట్టి చూడాలి. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ చాలు. కొన్న నాటి నుంచి రోజూ అరగంట ఇంట్లో తొడిగించండి. నేరుగా బడి రోజే వేస్తే మడమ దగ్గర కరిచి బొబ్బ లేస్తుంది.

బ్యాగు బరువు

2020 నాటి జాతీయ స్కూలు బ్యాగు విధానం ప్రకారం బ్యాగు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. 1, 2 తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, 3 నుంచి 5 వరకు 1.7 నుంచి 2.5 కిలోలు, 6, 7 తరగతులకు 2 నుంచి 3 కిలోలు. ఇంట్లో తూకం లేకపోతే కిరాణా కొట్టులో బ్యాగు పెట్టి చూడండి. రెండో తరగతి పిల్ల 20 కిలోలుంటే బ్యాగు 2 కిలోలు దాటకూడదు. లీటరు నీళ్లే ఒక కిలో, స్టీలు బాటిల్ బరువు అదనం. అంటే బుక్కులు పెట్టకముందే సగం అయిపోయింది! బడిలో మంచినీళ్లు ఉన్నాయో లేదో ఒకసారి వెళ్లి చూసుకుని, ఉంటే అర లీటరు బాటిల్ పంపండి, అక్కడ నింపుకుంటుంది. బరువైన బుక్కులు వీపు వైపు పెట్టాలి, రెండు పట్టీలూ వేసుకోవాలి, బ్యాగు నడుము కిందికి జారకుండా పట్టీలు బిగించాలి. బ్యాగు బరువెక్కడానికి మూలకారణం చాలాసార్లు టైం టేబుల్ చూడకుండా అన్నీ సర్దడమే. రాత్రి పడుకునే ముందు పిల్లతోనే సర్దించండి.

సర్కారు బడి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో ఉంటే పక్క పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులకు ఇది చాలా పెద్ద సాయం. తెలుగు పేజీ అమ్మ చదివి చెప్పి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేజీ పిల్లతో చదివించొచ్చు.

టిఫిన్ బాక్సు

పిల్ల సొంతంగా మూత తీయగలిగిందే కొనండి. బడి తెరవకముందు నాలుగు రోజులు మధ్యాహ్నం అదే బాక్సులో, బడివాళ్లు తినిపించే వేళకే పెట్టి 20 నిమిషాల్లో ఎంత తింటుందో చూడండి. అంతే పంపండి. వేడి వేడిగా మూత పెడితే ఆవిరికి అన్నం వాసనొస్తుంది, పది నిమిషాలు ఆరనివ్వాలి. జూన్ ఎండకు పొద్దున కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి కలపండి. తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది.

కాగితాలు

అడ్మిషన్ రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ ఎట్లా రాస్తే పదో తరగతి మెమోలోనూ అట్లనే వస్తుంది. జనన ధ్రువపత్రం, ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి, తర్వాత మార్చాలంటే చాలా తిరగాలి. బడి మారుతుంటే టీసీ ఆలస్యమైనా, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 8వ తరగతి దాకా పిల్లల్ని సర్కారు, ఎయిడెడ్ బడుల్లో ఆ కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు.

మొదటి వారాలు

ఏడుస్తున్న పిల్లను మాయ చేసి వదిలి రావొద్దు. చెప్పి రావాలి. చిన్నపిల్లలకు గంటలు తెలియవు, “అన్నం తిని, ఆడుకున్నాక వస్తా” అంటే అర్థమవుతుంది. ఆ వేళకు తప్పకుండా గేటు దగ్గర ఉండండి. ఇంట్లో అల్లరి చేస్తే “సార్‌కు చెప్తా” అని బెదిరించడం ఇప్పటికైనా మానేయాలి. రోజంతా ఉండాల్సింది ఆ సార్ దగ్గరే కదా.

ఏడుపు మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. బడి రోజు పొద్దున కడుపునొప్పి, ఆదివారం ఏమీ లేదు అన్నట్టుంటే కారణం వెతకాలి. “బడి ఎట్లుంది” అంటే “మంచిగుంది” అనే చెప్తారు. ఆటోలో ఎవరి పక్కన కూర్చున్నావు, అన్నం ఎవరితో తిన్నావు, టాయిలెట్‌కు పోయినవా, బోర్డు మీద రాసింది కనిపించిందా అని విడివిడిగా అడగండి. జవాబుల్లో ఏదో ఒకటి తేడాగా ఉంటుంది. దాన్ని పట్టుకుని టీచర్‌ను కలవండి, పిల్ల ముందు కాకుండా, బడి విడిచాక.